బొమ్మ ఒకటి, భోజనానికి ముందు

మా మేనల్లుడు మిర్యాలగూడలో డాక్టరు. పోయిన వారం నా బీపీ చూసి, మందు మార్చకుండా ఫోన్ తీసి ఒక వార్త చదివి వినిపించాడు. కెనడాలో మాంట్రియల్ అనే ఊళ్ళో 2018 నుంచి డాక్టర్లు మందుల చీటీ మీద మ్యూజియం కూడా రాసిస్తున్నారట. ఆ చీటీ పట్టుకుని అక్కడి ఫైన్ ఆర్ట్స్ మ్యూజియానికి పోతే టికెట్ అడగరట. "మామా, నీకూ అదే రాస్తున్న. నెలకోసారి పట్నం పోయి బొమ్మలు చూసిరా. ఉప్పు తగ్గించు" అన్నాడు.

సంతోషమూ కోపమూ రెండూ ఒక్కసారే వచ్చాయి. ఇంట్లో 'పనిలేని తిరుగుడు' అని పేరుపడ్డ నా అలవాటుకు డాక్టరు సంతకం దొరికింది, అది సంతోషం. బొమ్మను తీసుకుపోయి ఉప్పు పక్కన కూర్చోబెట్టాడు, అది కోపం.

ఈ కాలమ్‌ను మొదటినుంచీ చదివేవాళ్ళకు నా పాత పేచీలు కొత్తగా చెప్పక్కర్లేదు. ఫ్లెక్సీలొచ్చి బోర్డులు రాసే ఆర్టిస్టుల పొట్ట కొట్టాయన్నది ఒకటి. సర్కారు బళ్ళలో డ్రాయింగ్ సార్లు కరువయ్యారన్నది ఇంకొకటి. శాలువాల మీద నాకున్న పగ గురించి ఉత్తరాలే వచ్చాయి. అన్నిటికన్నా పాతది హాలియాకు ఒక బొమ్మల హాలు కావాలన్నది. 2018లో మున్సిపాలిటీ అయ్యాం. మిల్లులున్నాయి, ఎరువుల దుకాణాలున్నాయి, వీధికో ఫంక్షన్ హాలుంది. నాలుగు బొమ్మలు గోడకు తగిలించి, నలుగురు నిలబడి చూసే చోటు మాత్రం లేదు. ఈ మాట ఎన్నిసార్లు రాశానో నాకన్నా మా సబ్ ఎడిటర్‌కే బాగా తెలుసు.

చోటు లేదు కాబట్టి పట్నం పోవాలి. పొద్దున్నే బస్సెక్కితే ఎల్బీనగర్‌లో దిగి మెట్రో పట్టుకుంటాను. సాలార్‌జంగ్‌కైతే ఎంజీబీఎస్‌లో దిగాలి. రవీంద్రభారతి ఆవరణలోని ఐసీసీఆర్ గ్యాలరీకైతే అసెంబ్లీ స్టేషన్. మాదాపూర్ కావూరి హిల్స్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీకి పోవాలంటే అమీర్‌పేటలో బండి మారాలి. బంజారాహిల్స్ వైపు ప్రైవేటు గ్యాలరీలున్నాయి. అద్దాల తలుపు తోసుకుని లోపలికి పోవడానికి మొదట్లో భయపడేవాణ్ణి. పోతే ఎవరూ ఏమీ అనరు. ఒకచోట కౌంటర్ దగ్గరి అమ్మాయి మర్యాదగా "మీరు కలెక్టరా సార్?" అంది. నా చొక్కా చూసి జిల్లా కలెక్టర్ అనుకుందేమోనని ఒక్క క్షణం ఛాతీ విరిచాను. బొమ్మలు కొని కూడబెట్టేవాళ్ళను అలా అంటారని ధరల కాగితం చేతికిచ్చాక అర్థమైంది. కొన్ని బొమ్మల పక్కన చిన్న ఎర్రచుక్క అంటించి ఉంటుంది. అమ్ముడుపోయిందని గుర్తు. ఆ ధరల కాగితం చదవడం కూడా బీపీ వైద్యంలో భాగమేనా అని మేనల్లుణ్ణి అడగాలి.

బొమ్మ చూడటానికి నాకో పద్ధతుంది. మొదట ఎక్కడా ఆగకుండా హాలంతా ఒక చుట్టు చుట్టి వస్తాను. పేర్లు చదవను, గోడ మీద అంటించిన ఇంగ్లీషు వివరణ అసలే చదవను. రెండో చుట్టులో కాళ్ళు వాటంతటవే ఎక్కడ ఆగితే అక్కడే ఆగిపోతాను. ఇక ఆ రోజుకు ఆ బొమ్మ ఒక్కటే. గట్టు మీద కూర్చుని మడిలో నీళ్ళు పారేది చూసే రైతుకు తొందరేముంటుంది? కాకపోతే రైతుకు గట్టుంది. మన గ్యాలరీల్లో చాలాచోట్ల కూర్చోవడానికి స్టూలు కూడా ఉండదు. లక్షల ఖరీదు బొమ్మ పెట్టినవాళ్ళు దానెదురుగా ఒక బల్ల వేయలేరా? మోకాళ్ళు నొప్పి పుట్టేలోగా చూసిందే చూపు.

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో జనం ఒక్కో బొమ్మ ముందు ఎంతసేపు నిలబడతారో లెక్కగట్టి 2001లో ఇద్దరు పరిశోధకులు అచ్చువేశారు. సగటున 27 సెకన్లు. ఆ అంకె చదివినప్పుడు ఊరి పక్క సంగతి కాదులే అని వదిలేశాను. తర్వాత 2023లో అదే మ్యూజియంలో మన దేశపు తొలినాటి బౌద్ధ శిల్పాలతో పెద్ద ప్రదర్శన పెట్టారు. అందులో మన ఫణిగిరి రాళ్ళు కూడా ఉన్నాయి. ఫణిగిరి ఇప్పుడు సూర్యాపేట జిల్లాలోకి పోయింది గానీ నా లెక్కలో అది నల్లగొండదే. ఆ గుట్ట కింద మట్టిలో వందల ఏళ్ళు పడి ఉన్న రాయి ఓపికగా సముద్రాలు దాటిపోతే, దానికి దక్కింది తలా 27 సెకన్లేనా అని మనసు చివుక్కుమంది.

మనం మాత్రం తక్కువ తిన్నామా? సాలార్‌జంగ్‌లో జనం అంతకంటే ఎక్కువసేపు కదలకుండా కూర్చునేది గడియారం ముందు. గంట కొట్టడానికి మూడు నిమిషాల ముందు చిన్న బొమ్మ మనిషి తలుపు తీసుకుని బయటికి వస్తాడు. ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతాడు. దానికోసం పిల్లాపాపలతో ఊళ్ళకు ఊళ్ళు కూర్చుని ఉంటాయి. అదే మ్యూజియంలో రవివర్మ బొమ్మల ముందు నడక ఆపినవాళ్ళు అరుదు. నేను మొదట నవ్వుకున్నాను. తర్వాత ఒకసారి గడియారాన్ని కాక జనాన్ని చూస్తూ కూర్చున్నాను. అన్ని మొహాలూ ఒక్క వైపు, నోళ్ళు కొద్దిగా తెరుచుకుని, ఫోన్లు కూడా మరిచిపోయి. మాంట్రియల్ డాక్టర్లు కోరుకునేది అదేనేమో. ఏది చూసి దొరికిందన్నది వాళ్ళకెందుకు?

నా సొంత పద్ధతి మాత్రం నేను కనిపెట్టింది కాదు. మా తరం హాలియా పిల్లలకు తొలి గ్యాలరీ లాంచీ ఎక్కితే వచ్చేది. నాగార్జునకొండ. సాగర్ నీళ్ళ నడుమ కొండ, కొండ మీద మ్యూజియం. మా డ్రాయింగ్ సారు మమ్మల్ని అక్కడికి తీసుకుపోయాడు. లాంచీలో ఒకటే కేకలు, పులిహోర పొట్లాలు, నీళ్ళలో చెయ్యి పెట్టినందుకు చెంపదెబ్బలు. లోపలికి పోయాక సారు చేసిన పని ఏమిటంటే, ఒక్కొక్కణ్ణి ఒక్కో రాయి ముందు కూలేశాడు. రబ్బర్లన్నీ లాక్కుని జేబులో వేసుకున్నాడు. "తప్పొస్తే తప్పు పక్కన ఇంకో గీత గియ్యి, తుడిచేది లేదు" అని ఉత్తర్వు.

నాకు దొరికింది ఒక పొడుగాటి రాతి దూలం. దాని మీద ఒక గడిలో బుద్ధుడి కథలోని ఘట్టం, పక్క సన్నటి గడిలో నిలబడ్డ ఆలుమగల జంట, మళ్ళీ ఇంకో ఘట్టం, మళ్ళీ ఇంకో జంట. కథలో రాజులు, ఏనుగులు, చేతులు జోడించిన మనుషులు కిక్కిరిసి ఉన్నారు. పక్క గడిలోని జంటకు మాత్రం కథ ఎటు పోయినా పట్టదు. ఆమె నడుం ఒక పక్కకు ఒరిగి ఉంది, అతను ఆమెకేదో చెబుతున్నాడు. వాళ్ళేం మాట్లాడుకుంటున్నారో తెలిస్తే బాగుండునని చూస్తూ కూర్చుండిపోయాను. బుద్ధుణ్ణి గీయమంటే వీళ్ళిద్దర్నీ గీశాను. సారు నోటుబుక్కు చూసి, "వీళ్ళను చెక్కినోడు కూడా నీ లెక్కనే కథ ఇనకుండ వీళ్ళనే చూసిండు" అన్నాడు. తిట్టాడో మెచ్చుకున్నాడో ఇప్పటికీ తేలలేదు.

ఆ రాళ్ళు అక్కడికెట్లా చేరాయో అప్పుడు నాకు తెలియదు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మూడు, నాలుగో శతాబ్దాల్లో ఆ లోయలో వెలిగింది. విహారాలు, స్తూపాలు, మెట్లు కట్టిన రంగస్థలం, దానాలిచ్చిన రాణులూ ఉపాసికలూ తమ పేర్లు చెక్కించుకున్న స్తంభాలు. 1955 డిసెంబరు 10న నెహ్రూ డ్యాముకు పునాదిరాయి వేశాడు. నీళ్ళొచ్చేలోపు లోయను తవ్వి తీయాలి. ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు సాగాయి. కొన్ని కట్టడాలను విప్పి కొండ మీదా, అనుపులోనూ మళ్ళీ కట్టారు. 1966లో మ్యూజియం తెరిచారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలింది.

ఆ కాలువల్లో ఎడమ కాలువే మాకు అన్నం పెట్టింది. జొన్నా ఆముదమూ పండే నేల వరి మడులయింది. మిల్లుల పొగగొట్టాలు లేచాయి, హాలియా హాలియా అయింది. లోయ మునగకపోతే మాకు కాలువ లేదు, కొండ మీద ఆ మ్యూజియమూ లేదు. లాంచీ దిగి అక్కడ నిలబడితే నాలుగు దిక్కులా నీళ్ళు, గాలి, ఎవరో కావాలని సర్దిపెట్టినంత నిమ్మళం. ఆ నిమ్మళం కింద ఒక పట్నం పడుకుని ఉంది. చిన్నప్పుడు తెలియకపోవడమే మంచిదైంది, లేకపోతే పులిహోర దిగేది కాదు. రాష్ట్రం విడిపోయాక ఆ కొండ అవతలి రాష్ట్రం లెక్కలోకి పోయింది. ఇవతల సాగర్‌లో 2022లో బుద్ధవనం తెరిచారు. చూడచక్కగా ఉంటుంది. కానీ నా జంట అవతలే ఉంది. శుక్రవారం పోవద్దు, మూసి ఉంటుంది.

డ్రాయింగ్ సార్ల మాట వచ్చింది కాబట్టి ఒక్క పేరైనా తలుచుకోకపోతే కళ్ళు పోతాయి. మిర్యాలగూడ బిడ్డ, సాగర్‌లో డ్రాయింగ్ టీచరుగా పనిచేసిన సుదర్శన్. 'దాసి' సుదర్శన్ అంటేనే జనానికి గుర్తు. నేను ఆయన శిష్యుణ్ణి కాదు, అదృష్టం లేదు. బి. నర్సింగరావు తీసిన 'దాసి' సినిమాకు దుస్తులు సమకూర్చి జాతీయ అవార్డు తెచ్చుకున్నాడు. 2024లో పోయాడు. సర్కారు బళ్ళో సుద్దముక్క పట్టిన చెయ్యి ఢిల్లీ దాకా పోయిందంటే, ఆ పోస్టులు నింపండర్రా అని నేను అరవడంలో అర్థముందా లేదా?

ఆ సినిమాకే కళాదర్శకత్వంలో జాతీయ అవార్డు అందుకున్నది తోట వైకుంఠం. కరీంనగర్ వైపు బూరుగుపల్లిలో పుట్టి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివినవాడు. ఆయన గీసిన తెలంగాణ ఆడవాళ్ళు మీ అందరికీ ఎరుకే. రూపాయంత బొట్టు, కొప్పులో పూలు, ఎర్రంచు చీర, భుజం మీద చిలుక. దగ్గరికి పోయి చూస్తే ఆ మొహంలో కన్ను మనవైపు చూడదు. పక్కకు చూస్తూ తన పనిలో తానుంటుంది. క్యాలెండర్ల మీద, చీరల మీద, హోటళ్ళ గోడల మీద ఎక్కడ చూసినా ఆ ఆడవాళ్ళే కాబట్టి నాకు కొంత విసుగు పుట్టిన మాట నిజం. మా ఊళ్ళో నాటుకు వంగిన ఆడవాళ్ళు ఇంత నింపాదిగా ఎప్పుడున్నారని గొణుక్కున్నాను.

తర్వాత 'దాసి' మళ్ళీ చూశాను. 1920ల నాటి దొర గడి, దొరసాని వెంట అరణంగా వచ్చిన ఆడబాప. అర్చన కమలాక్షిగా ఆ గడిలో తిరుగుతుంటే గోడలు, గడపలు, పాత్రలు కూడా ఆమెను పనికి పిలుస్తున్నట్టే ఉంటాయి. ఆ చీకటి గదులు అమర్చినదీ, ఆ బొట్టూ ఆ చిలుకా గీసినదీ ఒకటే చెయ్యి. ఇది తట్టాక ఆ బొమ్మల ముందు నా గొణుగుడు ఆగింది. గడిలో కమలాక్షికి ఒక్క ఘడియ కూడా తనది కాదు. వైకుంఠం బొమ్మలోని ఆడమనిషి కాళ్ళు చాపుకుని, తాంబూలం ముందు పెట్టుకుని, ఎవరు పిలిచినా లేవనన్నట్టు కూర్చుంటుంది. ఆమెను అట్లా కూర్చోబెట్టడానికి ఎన్ని రంగులు కావాల్సి వచ్చిందో.

ఇక అసలు మందు సంగతికి వస్తాను. బొమ్మలు చూస్తే నిమ్మళమవుతుందా? అవుతుంది, కొన్నిటితో. మధిరలో పుట్టిన సూర్యప్రకాశ్ గీసిన నీళ్ళు, ఎండుటాకులు, తామర కొలనులు చూసి వచ్చినప్పుడు మా కాలువ గట్టు మీద నడక వేరేగా ఉంటుంది. నీళ్ళ మీద చెట్టునీడ విరిగి అతుక్కోవడం అంతకుముందు నేను చూడనేలేదు. రాత బిగిసిపోయినప్పుడల్లా పట్నం పోయి వచ్చిన మర్నాడే ఈ కాలమ్ కదిలిందని మా ఇంటావిడ సాక్ష్యం చెబుతుంది. ఆవిడ లెక్కలో అది బొమ్మల మహిమ కాదు, బస్సు కుదుపుల మహిమ.

అయితే నన్ను మళ్ళీ మళ్ళీ పట్నం లాక్కుపోయేవి ఆ నిమ్మళపు బొమ్మలు కావు. కొన్నేళ్ళ కిందట కుర్రాళ్ళు కలిసి పెట్టుకున్న ఒక ప్రదర్శనలో నల్ల ఇంకుతో గీసిన చిన్న కాగితం చూశాను. రెండు కాళ్ళు, మడమల పైన కాస్త దాకా, అంతే. నాటు వేసి అప్పుడే మడిలోంచి బయటికొచ్చిన ఆడమనిషి కాళ్ళు. గోళ్ళ కింద నల్లమట్టి, వేళ్ళ సందుల్లో నీళ్ళకు నాని తెల్లబడ్డ చర్మం, ఒక వేలికి మెట్టె, ఇంకో వేలికి మెట్టె ఉండాల్సిన చోట గుడ్డపేలిక. మా అమ్మ కాళ్ళవి. కాలువ వచ్చాక మా ఇంటికి అన్నం వచ్చిందని గొప్పగా చెప్పుకుంటాను కదా, ఆ అన్నం ఏ కాళ్ళ మీద వచ్చిందో ఆ కుర్రాడికి ఎవరు చెప్పారో తెలియదు. నిలబడిపోయాను. కళ్ళలోంచి నీళ్ళు వచ్చాయి. అప్పుడు బీపీ చూసి ఉంటే మేనల్లుడు అంబులెన్సుకు ఫోన్ చేసేవాడు.

ఆ హాల్లో నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. వాచ్‌మన్ చూసి తల తిప్పుకున్నాడు. పక్కనున్న పడుచు జంట కొద్దిగా జరిగి నాకు చోటిచ్చింది. నేను ఎవరి సారునూ కాదు, ఎవరి మామనూ కాదు. ముక్కు తుడుచుకుని, మళ్ళీ చూసి, తృప్తిగా చూసి, మెట్లు దిగి, ఇరానీ చాయ్ తాగి బస్సెక్కాను. నాకు దొరికిన నిమ్మళమంతా అదే. బొమ్మ నన్ను కుదిపింది, కుదుపు తీరేదాకా పట్నం నన్ను నా మానాన వదిలేసింది.

అదే హాలియాలో అయితే? సెంటర్లో నా కళ్ళు చెమర్చాయంటే సాయంత్రానికి ఊరంతా నాకు షుగర్ పెరిగిందంటారు. రాత్రికి ఎవరో ఒకరు ఆకుపసరు పట్టుకొస్తారు. ప్రేమ లేక కాదు, ఎక్కువై. బొమ్మ ముందు నిలబడితే "ఏం సారూ, గింతసేపు చూస్తున్నరు, ఏమున్నది అండ్ల?" అని భుజం మీద చెయ్యి పడుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెబుతూ బొమ్మ ఎట్లా చూడను?

సరిగ్గా ఇట్లా అనుకుంటున్న వారంలోనే మా ఊరి మిల్లు యజమాని ఒకాయన ఇంటికి వచ్చాడు. ఈ కాలమ్ చదువుతాడట. "సారూ, ఎన్నేండ్ల సంది రాస్తున్నరు బొమ్మల హాలు, బొమ్మల హాలని. మా ఫంక్షన్ హాలు మీద పెద్ద రూము కాళీగనే ఉంది. మూఢంల పెండ్లిళ్లు లెవ్వు. మీకు నచ్చిన బొమ్మలు పెట్టుకోన్రి, పైసలేమొద్దు." కోరిన వరం ఇంటి గడప దాకా నడిచొస్తే ఎగిరి గంతెయ్యాలి. నా గుండె మాత్రం జారింది. ఇది వస్తే నా పట్నం బస్సు పోతుందన్న భయం ముందు పుట్టింది. ఇన్నేళ్ళుగా ఊరి కోసం అడుగుతున్నాననుకున్నది నాకే వద్దనిపించింది.

ఆ రాత్రంతా ఆలోచించాను. నాకు కావలసింది ఎవరూ ఎరగని చోటు, అది ఏ ఊరూ తన బిడ్డకు ఇవ్వలేదు. దానికి బస్సు టికెట్టే మందు, మేనల్లుడి చీటీలో ఆ ఒక్క మాటా నిజం. మా బడి పిల్లలకు కావలసింది వేరు. వాళ్ళకు బీపీ లేదు, నిమ్మళంతో పనేలేదు. వాళ్ళను ఒక్కొక్కణ్ణి ఒక్కో బొమ్మ ముందు కూలేసి, రబ్బర్లు లాక్కుని జేబులో వేసుకునే మనిషి కావాలి. ఊరి పిల్లల భుజాల మీద చేతులు పడితే పడనీ, "ఏమున్నది అండ్ల?" అని ఒకర్నొకరు గట్టిగా అడుక్కోనీ. మేము లాంచీలో చేసినంత గోల చేయనీ.

మర్నాడు మిల్లాయన దగ్గరికి పోయి సరేనన్నాను, షరతులతో. గేటుకు ఫ్లెక్సీ కట్టొద్దు. బోర్డు చేత్తో రాయించాలి. ఒకప్పుడు మా ఊరి దుకాణాల పేర్లన్నీ రాసిన ఆర్టిస్టు ఇప్పుడు కిరాణం నడుపుతున్నాడు, ఆయన ఒప్పుకున్నాడు, ఎనామిల్ డబ్బాల ఖర్చు నాది. ప్రతి బొమ్మ ముందూ ఒక కుర్చీ ఉండాలి, ఫంక్షన్ హాలుకు కుర్చీలకేం కొదవ. మొదటి వారం బడి పిల్లలకే. రిబ్బను, మైకు, వేదిక, శాలువాలు ఉండొద్దు.

ఫ్లెక్సీ దగ్గర ఒప్పుకున్నాడు. కుర్చీల దగ్గర నవ్వాడు. మైకు దగ్గర మొహం వాడింది. "మైకు లేకుంటె పెద్దమనుషులు ఎట్లొస్తరు సారూ?" రాకపోతే పిల్లలకు చోటు మిగులుతుందన్నాను. కాసేపు గడ్డం గోక్కుని అదీ వదిలేశాడు. శాలువాల దగ్గర మాత్రం చేతులెత్తేశాడు. నిన్న సాయంత్రమే నల్లగొండ నుంచి డజను తెప్పించాడట, దుకాణపాయన వాపసు తీసుకోనంటున్నాడట.